బండి మీద వెళ్తూ దారిలో ఒక క్రైస్తవ పరిచర్యలో పది రోజుల సేవ: తిరుపతి, చిత్తూరు వైపు ఎక్కడ, ఎలా?

రోడ్డుమీద_సామ్

మాది గుంటూరు. జూన్ రెండో వారంలో బండి మీద బయల్దేరి నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, వేలూరు, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చూసుకుని కడప మీదుగా ఇంటికి రావాలని అనుకుంటున్నాను. మూడు వారాల ప్రయాణం. అందులో పది రోజులైనా ఒక క్రైస్తవ పరిచర్యలో ఉండి పని చేయాలని నా కోరిక.

ఇక్కడ ఎందుకు అడుగుతున్నానంటే, పోయినేడు ఇలాగే ఒక పిల్లల హోమ్‌లో అయిదు రోజులు ఉన్నాను. ఏ ఊరో, ఏ హోమో చెప్పను. వెళ్ళగానే శాలువా కప్పారు. భోజనానికి, గదికి అని చెప్పి నాలుగు వేలు కానుక తీసుకున్నారు. పొద్దున గిటారుతో పాటలు, మధ్యాహ్నం ఆటలు, సాయంత్రం ఫోటోలు. ఫోటోలో పిల్లల చేతికి ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్లను తర్వాత వరసగా వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టడం నా కళ్ళతో చూశాను. నాలుగో రోజు రాత్రి ఒక ఎనిమిదేళ్ళ పిల్లాడు నా పక్కన కూర్చున్నాడు. నా శాండల్ బకిల్ పెడుతూ తీస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు, "అన్నా, నువ్వు కూడా ఆదివారం దాకేనా?" అని.

ఆ "కూడా" అన్న మాట ఏడాదిగా నన్ను వదల్లేదు. నేను చేసింది సేవా, లేక వాడికి ఇంకో దెబ్బా? ఈసారి ఆ తప్పు చేయకూడదు. ఆ వైపు తెలిసినవాళ్ళు చెప్పండి.

పాకాల_జంక్షన్

ముందు నీ పనేంటో చెప్పు నాయనా. గిటారు కాకుండా నీ చేతికి ఏం వచ్చు?

తిరుచానూరు_శీను

నేను హిందువును. మీ పరిచర్యల సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ, సేవ అంటే తెలిసినంత వరకు చెప్తాను. తిరుమలలో శ్రీవారి సేవ (భక్తులు ఉచితంగా వచ్చి పని చేయడం) 2000లో మొదలైంది. ఏడు రోజులు వెళ్ళాను. మొదటి రోజు నన్ను లడ్డూ కౌంటర్ దగ్గరో, క్యూలోనో పెడతారని ఆశగా ఉన్నా. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూరగాయల దగ్గర కూర్చోబెట్టారు. ఏడు రోజులూ గుమ్మడికాయలు తరిగాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. నా పేరు ఎవరూ అడగలేదు, ఎవరూ ఫోటో తీయలేదు. నేను వెళ్ళిపోయిన మర్నాడు ఆ పీట మీద ఇంకొకరు కూర్చుని ఉంటారు, భోజనానికి వచ్చినవాళ్ళకు తేడా తెలిసుండదు.

అలాంటి పని వెతుక్కో తమ్ముడూ. నువ్వు పోతే ఎవరికీ బాధ కలగని పని, చేసినన్ని రోజులూ ఎవరికో కడుపు నిండే పని. స్టేజీ ఎక్కించి శాలువా కప్పారంటే అక్కడ నీ అవసరం వేరే ఏదో ఉంది.

రేచల్_టీచర్

శీను అన్న మాట బాగుంది. కానీ పిల్లల దగ్గరికి అసలు వెళ్ళొద్దన్నట్టు మాట్లాడకండి. మాది తిరుపతి, మా తాత కాలం నుంచి లూథరన్ సంఘం. ప్రతి వేసవి సెలవుల్లో పది రోజులు వీబీఎస్ (పిల్లలకు సెలవుల బైబిలు బడి) పెడతాం. వేరే ఊళ్ళ నుంచి యువకులు వచ్చి పాటలు నేర్పుతారు, కథలు చెప్తారు, వెళ్ళిపోతారు. ఏ పిల్లా బెంగపెట్టుకోలేదు. పైగా ఏడాదంతా ఆ పాటలే పాడుకుంటారు. సామ్ చేసింది పాపమేమీ కాదు.

హోమ్‌లో_పెరిగినవాడు

రేచల్ అక్కా, కోపం తెచ్చుకోవద్దు. వీబీఎస్ పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నరకు సంచి తగిలించుకుని అమ్మ దగ్గరికి వెళ్తారు. తేడా అంతా అక్కడే ఉంది.

నేను ఆరేళ్ళ వయసు నుంచి పదో తరగతి వరకు పాత చిత్తూరు జిల్లాలో ఒక క్రైస్తవ హోమ్‌లో పెరిగాను. మంచి హోమే. అన్నం పెట్టారు, చదివించారు, ఈ రోజు నేను ఉద్యోగం చేస్తున్నానంటే వాళ్ళ చలవే. మమ్మల్ని చూసిన వార్డెనమ్మ పోయినప్పుడు కన్నకొడుకులా ముందు నిలబడి మట్టి వేశాను. కాబట్టి హోమ్‌లన్నీ మోసమని నేను చెప్పను, ఎవరైనా అంటే ఊరుకోను.

కానీ వచ్చిపోయే అన్నలు, అక్కల సంగతి వేరు. ఏడాదికి పది, పన్నెండు బృందాలు వచ్చేవి. మొదట్లో ఒక్కొక్కరు వెళ్తుంటే గేటు దాకా పరిగెత్తి ఏడ్చేవాణ్ణి. తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. అది ధైర్యం అనుకున్నారు అందరూ. నిజానికి కొత్త మనిషి రాగానే ఎన్ని రోజులుంటాడో లెక్కేసి, అంతవరకే నవ్వడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక కూడా నా భార్య పుట్టింటికి వెళ్తుంటే నా మొహం రాయిలా అయిపోతుందని తను అంటుంది. సామ్ అన్నా, ఆ పిల్లాడు నిన్ను తప్పు పట్టలేదు. లెక్క అడిగాడు, అంతే. నేనూ అలాగే అడిగేవాణ్ణి.

ఇంకో సంగతి చెప్పాలి. గిటారు తెచ్చిన అన్నల్లో ఒక్కరి మొహం కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒకాయనే. పుత్తూరు నుంచి రెండు నెలలకొకసారి వచ్చేవాడు. పాట లేదు, ప్రసంగం లేదు. నిచ్చెన వేసుకుని ట్యూబ్‌లైట్లు మార్చేవాడు, చోక్ చూసేవాడు, మోటారు స్టార్టరు బాగుచేసేవాడు. స్క్రూలు పట్టుకోవడానికి నన్ను పిలిచేవాడు. ఆయన వచ్చి వెళ్ళిన రాత్రి చదువుకునే గదిలో వెలుతురు ఉండేది.

పాకాల_జంక్షన్

ఈ పిల్లవాడి పోస్టు రెండుసార్లు చదివాను. నా దగ్గర మాట లేదు.

రోడ్డుమీద_సామ్

పెరిగినవాడు తమ్ముడూ, నువ్వు రాసింది చదివి బయటికెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

పాకాల అయ్యగారూ, మీరు అడిగిందానికి జవాబు: నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. అపార్ట్‌మెంట్లకు వైరింగ్ కాంట్రాక్టు చేస్తాను. పన్నెండేళ్ళ అనుభవం. పోయినేడు ఆ హోమ్‌లో పిల్లల హాల్లో మూడు ఫ్యాన్లు తిరగకపోవడం నేను చూశాను. చేద్దామా అని వాళ్ళను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. సేవ అంటే పాటలు, ప్రార్థన అనే అనుకున్నాను.

పాకాల_జంక్షన్

అదీ సంగతి! మూడు ఫ్యాన్ల కింద కూర్చుని గిటారు వాయించావా స్వామీ. ఈసారి గిటారు ఇంట్లో పెట్టి టెస్టర్ తెచ్చుకో.

బేనీషా_మామ

టెస్టర్‌తో పాటు ఖాళీ సంచి కూడా తెచ్చుకో అబ్బయా. జూన్‌లో బంగారుపాళ్యం మార్కెట్‌కు తోతాపురి మామిడి లోడ్లు వస్తుంటాయి. మా తోట రోడ్డు పక్కనే. చిత్తూరు వచ్చే ముందు ఆగితే హోమ్‌కు ఒక మూట కాయలు ఇస్తా.

కేసుకట్ట_చిత్తూరు

వృత్తిరీత్యా వకీలును. పిల్లల హోమ్ జోలికి వెళ్ళేవాళ్ళు అందరూ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి.

బాల న్యాయ చట్టం 2015 ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా, చర్చి నడిపినా, మఠం నడిపినా, ట్రస్టు నడిపినా, సెక్షన్ 41 కింద రిజిస్టర్ కావాలి. పిల్లవాడు అక్కడికి బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద రావాలి. "పాపం, అమ్మానాన్నలే తెచ్చి వదిలారు" అని ఊరికే పెట్టుకోవడం కుదరదు. కాబట్టి సామ్, వెళ్ళే ముందు ఫోన్లో మర్యాదగా అడగండి: "మీ రిజిస్ట్రేషన్ ఉందా, సమితి వాళ్ళు వచ్చి చూస్తుంటారా?" అని. సరైన వాళ్ళు ఏమీ అనుకోరు. చిరాకు పడ్డారంటే దండం పెట్టి ముందుకు పోండి.

ఫోటోల సంగతి. సెక్షన్ 74 కింద అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో బయటపెట్టడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "అనాథ పిల్లలతో నా పుట్టినరోజు" అని స్టేటస్ పెట్టేవాళ్ళకు ఇది తెలియదు. మన ఫోరంలో కూడా అలాంటి ఫోటోలు చూశాను, దయచేసి తీసేయండి.

బిస్కెట్లు వెనక్కి తీసుకోవడం ఒక్కటే చూసి ఎవరినీ నేరస్థులనలేం. రోజుకొకటి పంచుదామని దాచి ఉండొచ్చు. కానీ పిల్లల్ని కొట్టడం, పస్తు పెట్టడం, పని చేయించడం లాంటివి కంటపడితే మాత్రం 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసమే ఉన్న ఉచిత నంబరు.

మంచి హోమ్ అయితే నీ ఆధార్, పోలీసు వెరిఫికేషన్, మీ సంఘం పాస్టరుగారి ఉత్తరం వాళ్ళే అడుగుతారు. అడిగితే అవమానం అనుకోకు. ఏమీ అడక్కుండా తిన్నగా పిల్లల గదిలోకి పంపారంటేనే భయపడాలి.

రోడ్డుమీద_సామ్

పోయినేడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు సార్. ఆధార్ కూడా చూడలేదు. నాలుగు వేలకు మాత్రం రసీదు ఇచ్చారు.

కొండకింద_కుర్రోడు

అందరూ ఒక విషయం దాటేస్తున్నారు, నేను అడిగేస్తా. సేవ పేరుతో వచ్చి మతం మార్చడం మా ఊళ్ళో ఒప్పుకోం. తిరుపతి వెంకన్న ఊరు. ఇక్కడే ఎందుకు రావాలి?

తిరుచానూరు_శీను

కుర్రోడా, మెల్లగా. అతను ఇక్కడ ప్రచారం చేస్తానని ఎక్కడ రాశాడు?

కేసుకట్ట_చిత్తూరు

చట్టం సంగతి చెప్పి తప్పుకుంటాను. తిరుమల కొండ మీద ఇతర మత ప్రచారం నిషేధం. దాని కోసం 2007లో చట్టమే వచ్చింది. సామ్ కొండ చూడ్డానికి వెళ్తే వెళ్ళొచ్చు. దర్శనానికి వెళ్ళే ఇతర మతస్థులు డిక్లరేషన్ మీద సంతకం చేయాలి. బ్యాగులో కరపత్రాలు మాత్రం ఉండకూడదు. అలిపిరి తనిఖీలో బయటపడితే ఇబ్బంది.

రేచల్_టీచర్

కుర్రోడు తమ్ముడూ, ఇది మాకూ ఊరే. జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్ళు 1865లో సూళ్ళూరుపేట వైపు పని మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే. మా అమ్మమ్మ ఈ ఊళ్ళోనే పుట్టి ఈ మట్టిలోనే ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు మా వీధిలో యాత్రికులకు మజ్జిగ ఇచ్చే ఇళ్ళలో మాదీ ఒకటి. మజ్జిగ ఇస్తూ మేం ఎవరికీ వాక్యం చెప్పం. దాహానికి మతం లేదని మా నాన్న నేర్పారు.

కానీ నువ్వు అడిగిందాంట్లో నిజం లేదని నేను అనను. అన్నం పళ్ళెం పెట్టి ముందు ప్రార్థన చేయమనేవాళ్ళు మాలో ఉన్నారు. నాకు అది నచ్చదు, మా సంఘంలో లేచి నిలబడి చెప్పాను కూడా. ఆకలితో ఉన్నవాడు కాదనలేడు. కాదనలేనివాడి చేత అనిపించిన "ఆమెన్" దేవుడికి ఎందుకు?

కొండకింద_కుర్రోడు

అక్కా, మీరు అలా లేచి చెప్పారంటే నాకు ఇంక అభ్యంతరం లేదు. కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి.

2021 నవంబర్ వరదల్లో మా వీధి మోకాళ్ళ లోతు మునిగింది. పొట్లాలు తెచ్చిన వ్యాన్ మీద సిలువ గుర్తు ఉంది. మా నాయనమ్మ తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తే, ఆ డ్రైవరన్న "అవ్వా, చింతపండు పులిహోరే, తినండి" అని నవ్వి పక్కింటికి వెళ్ళిపోయాడు. అలా ఉంటే ఎవరు కాదంటారు.

బేనీషా_మామ

అప్పుడే కదా రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్ళు ఖాళీ చేయించింది. మా బావమరిది వాళ్ళ ఊరు ఆ కిందే. మూడు రోజులు నిద్రల్లేవు. ఎవరు వండారో, ఎవరు పెట్టారో అడిగే ఓపిక ఎవరికుంది.

డల్లాస్_తమ్ముడు

సైడ్ ప్రశ్న. మా చర్చిలో ఇద్దరు అమెరికన్ ఫ్రెండ్స్ డిసెంబర్‌లో నాతో చిత్తూరు వస్తామంటున్నారు. మా మేనమామ దగ్గర్లో వృద్ధాశ్రమం నడుపుతారు. టూరిస్టు వీసా మీద రెండు వారాలు పని చేయొచ్చా? నాకు ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) ఉంది.

కేసుకట్ట_చిత్తూరు

ఈ-టూరిస్టు వీసా మీద స్వచ్ఛంద సేవకు అవకాశం ఉంది. నెల రోజులు మించకూడదు, దానికి బదులుగా జీతంగానీ ఇంకే ప్రతిఫలంగానీ ఉండకూడదు. వృద్ధాశ్రమంలో అన్నం వడ్డించడం, తోట పని సరే. కూటాల్లో నిలబడి ప్రసంగించడం వేరే కథ, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. "రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పండి బ్రదర్" అని మన పాస్టర్లు ప్రేమతోనే మైకు ఇస్తారు. ఇబ్బంది పడేది ఆ అతిథులు. ముందే మీ మేనమామకు చెప్పండి. మీ ఓసీఐకి కూడా మిషనరీ పనులకు 2021 నోటిఫికేషన్ ప్రకారం ప్రత్యేక అనుమతి కావాలి.

డబ్బు సంగతి కూడా. విదేశీయులు ఆశ్రమానికి చేతిలో డాలర్లు పెట్టడం కుదరదు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అది కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఉన్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి.

డల్లాస్_తమ్ముడు

అమ్మో, ఇవేవీ తెలియవు. మామయ్యకు ఇప్పుడే ఫోన్ చేస్తా. థాంక్స్ సార్.

హౌరా_దాకా

సామ్‌కు పనికొస్తుందేమో. మదర్ థెరిసాను సెయింట్‌గా ప్రకటించిన 2016లో నేను తిరుపతి నుంచి కోల్‌కతా వెళ్ళాను. కాళీఘాట్‌లో 1952లో ఆమె మొదలుపెట్టిన నిర్మల్ హృదయ్‌లో వారం పని చేశాను. అది కాళీమాత గుడిని ఆనుకునే ఉంటుంది. పేరు రాయించుకోవడానికి పైసా తీసుకోలేదు, లోపల ఫోటోలు తీయనివ్వలేదు. ఆ రెండు సంగతులతోనే నాకు నమ్మకం కుదిరింది.

పని ఏంటంటే బట్టలు. కుప్పలు కుప్పలు దుప్పట్లు. ఇద్దరం చెరో కొస పట్టుకుని మెలేసి పిండాలి. నా అవతలి కొస పట్టుకున్నది ఒక స్పెయిన్ పెద్దావిడ. భాష రాదు. ఆవిడ కుడికి తిప్పితే నేను ఎడమకు తిప్పాలి, మొదటి రోజు ఇద్దరం ఒకేవైపు తిప్పి నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకున్నాం. వారం చివరికి చూడకుండానే పిండేవాళ్ళం. రోగుల దగ్గర నేను కూర్చున్నది రోజుకు అరగంట ఉంటుందేమో. తక్కినదంతా తడి దుప్పట్లే. తిరిగొచ్చాక నెల రోజులు మణికట్లు నొప్పి.

నర్సక్క_మదనపల్లె

ఇంత మంచి చర్చలోకి ఆలస్యంగా వచ్చాను, రాత్రి డ్యూటీ.

మదనపల్లె వైపు వస్తున్నావు కాబట్టి ఆరోగ్యవరం చూసి వెళ్ళు తమ్ముడూ. 1912లో మిషన్లన్నీ కలిసి క్షయ రోగుల కోసం మొదలుపెట్టిన శానిటోరియం. అప్పటికి టీబీకి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, అంతే వైద్యం. ఎక్కడెక్కడి నుంచో నెలల తరబడి వచ్చి ఉండేవాళ్ళు. ఇంట్లో పళ్ళెం కూడా వేరు చేసిన మనుషుల్ని అక్కడ మనుషుల్లా చూసేవాళ్ళని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆరు నెలల మందులతో టీబీ తగ్గుతుంది. నెలకు 1000 రూపాయలు పోషణకు ప్రభుత్వం ఇస్తుంది. నిక్షయ్ మిత్రగా పేరు నమోదు చేసుకుని ఒక రోగికి ఆరు నెలలు పోషకాహారం కిట్టు ఇవ్వొచ్చు. దానికి బండి మీద రావక్కర్లేదు, గుంటూరు నుంచే చేయొచ్చు.

ఇక వృద్ధాశ్రమానికి వెళ్తే నా మాట విను. షుగర్ ఉన్న అవ్వల కాలిగోళ్ళు నువ్వు తీయొద్దు. ప్రేమతో తీస్తారు, చిన్న గాటు పడుతుంది, స్పర్శ లేక వాళ్ళకు తెలియదు. నెల తర్వాత ఆ వేలు తీసేయాల్సి వచ్చిన కేసు చూశాను. మంచంలో ఉన్నవాళ్ళకు పడుకోబెట్టి అన్నం పెట్టొద్దు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేపి, వీపు వెనక దిండు పెట్టి, చిన్న ముద్దలు, మింగారో లేదో చూసి తర్వాతి ముద్ద. స్వీట్లు పంచేముందు సిస్టరమ్మను అడుగు. వచ్చినవాళ్ళంతా మైసూరుపాకు తెస్తారు, ఆ రాత్రి షుగర్లతో తిప్పలు మావి.

బేనీషా_మామ

అయితే నా మామిడికాయల మూట?

నర్సక్క_మదనపల్లె

మామా, తోతాపురి పచ్చికాయలు పంపు, పప్పులో వేస్తారు. పండ్లు పనివాళ్ళకి, పిల్లలకి.

కాట్పాడి_ప్యాసింజర్

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పేషెంట్లను తీసుకెళ్ళే చిన్న బృందంలో ఉన్నాను. మా చర్చి వాళ్ళం ఆరుగురం. తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే రైల్లో వెళ్తాం. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఇప్పుడు మొదటిసారి వెళ్ళిన పల్లెటూరి మనిషికి ఆ భవనాలు చూస్తేనే కాళ్ళు వణుకుతాయి. ఏ కౌంటరో తెలియదు, చుట్టూ తమిళం, హిందీ, బెంగాలీ. మేం చేసేది పక్కన నడవడమే. చీటీ పట్టుకుంటాం, లైన్లో నిలబడతాం, డాక్టరు చెప్పింది తెలుగులో మళ్ళీ చెప్తాం, భోజనం తిన్నారో లేదో చూస్తాం.

పది రోజులకు వచ్చేవాళ్ళకు ఈ పని ఇవ్వలేం, దారులు నేర్చుకోవడానికే పది రోజులు పడుతుంది. ఒకసారి ఒక ఉత్సాహవంతుడు మా ముసలాయన్ను వేరే బ్లాకులో రెండున్నర గంటలు కూర్చోబెట్టాడు, ఆ రోజు డాక్టరును కలవడం కుదరక మళ్ళీ వారం తర్వాత రావాల్సి వచ్చింది. కానీ వచ్చిపోయేవాడు ఇవ్వగలిగింది ఒకటుంది: రక్తం. ఆపరేషన్ అంటే దాతలు కావాలి, పల్లెనుంచి వచ్చినవాడికి అక్కడ ఎవరు దొరుకుతారు? 18 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉండి, ఆరోగ్యంగా ఉంటే చాలు. మగవాళ్ళు మూడు నెలలకొకసారి ఇవ్వొచ్చు. సామ్, వేలూరు దాటేటప్పుడు ఒక ఉదయం కేటాయించు. ఆ రోజంతా బండి నడపకుండా రూములో ఉండు, మర్నాడు బయల్దేరు.

రోడ్డుమీద_సామ్

ఓ పాజిటివ్. చివరిసారి ఇచ్చి అయిదు నెలలైంది. రక్తం ఖాయం.

నర్సక్క, పెరిగినవాడు, వకీలు సార్ చెప్పినవన్నీ డైరీలో రాసుకున్నాను. పిల్లల హోమ్ ఈసారి వద్దు. చిత్తూరు వైపు ఒక వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడాను. "నాకు గిటారు వచ్చు" అనలేదు. "వైరింగ్ పని వచ్చు, మీకు ఏం పాడైందో చెప్పండి" అన్నాను. అవతల సిస్టర్‌గారు రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత "ఉండండి, రాసుకుని చెప్తాను" అని పావుగంటలో పేజీన్నర పంపారు. ఆధార్, సంఘం ఉత్తరం కూడా అడిగారు!

కేసుకట్ట_చిత్తూరు

వెళ్ళండి. అది మంచి చోటే.

హోమ్‌లో_పెరిగినవాడు

అన్నా, ఆ పోయినేటి పిల్లాడి సంగతి. మళ్ళీ వెళ్తానని చెప్పి ఉంటే మాత్రం వెళ్ళు. చెప్పకపోతే, ఏదో తప్పు చేశానన్న బాధతో ఒక్కసారి వెళ్ళి చూసిరావొద్దు. వెళ్తే ప్రతి ఏడాదీ వెళ్ళాలి.

రోడ్డుమీద_సామ్

చెప్పాను తమ్ముడూ. "మళ్ళీ వస్తా" అన్నాను, అందరూ అనేట్టే. అందుకే ఇన్నాళ్ళూ నిద్ర పట్టలేదు.

హోమ్‌లో_పెరిగినవాడు

అయితే ముందు వార్డెన్‌తో మాట్లాడు. తర్వాత క్రిస్మస్‌కు, వేసవికి, ఏడాదికి రెండుసార్లు, తేదీ చెప్పి, ఆ తేదీకే వెళ్ళు. ఒక గంట చాలు. తేదీ తప్పకపోవడం ముఖ్యం. నేను పుత్తూరాయన కోసం క్యాలెండర్‌లో గీతలు పెట్టేవాణ్ణి.

రోడ్డుమీద_సామ్

(పదహారు రోజుల తర్వాత)

చిత్తూరు నుంచి రాస్తున్నాను. ఆశ్రమంలో తొమ్మిదో రోజు. మొత్తం పద్నాలుగు ఫ్యాన్లలో తిరిగేవి అయిదు ఉన్నాయి నేను వచ్చేసరికి. ఆరు ఫ్యాన్లకు కండెన్సర్ పోయింది, అంతే. ఒక్కోటి యాభై రూపాయల లోపు. 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్లు డజను కొని, కావలసినవి వేశాను. గాలి మొదటిసారి మొహానికి తగలగానే ఒక అవ్వ పైటకొంగు తలమీద కప్పుకుని "వానొస్తాదేమో చూడప్పా" అంది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

బాత్రూముల్లో స్విచ్చులు తడి చేతికి అందే చోట ఉంటే బయటికి మార్చాను. ఎర్త్ అసలు లేదు. గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ చేశాం, కొండకింద కుర్రోడు ఆదివారం తిరుపతి నుంచి వచ్చి గొయ్యి తవ్వాడు. ప్రార్థన వేళకు బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు, ఎవరూ లోపలికి రమ్మని బలవంతం చేయలేదు. తర్వాత సంగటి, శెనక్కాయ ఊరిమిండి ఇద్దరం కలిసే తిన్నాం.

కొండకింద_కుర్రోడు

గొయ్యి నాలుగడుగులే అన్నాడు. ఆరడుగులు తవ్వించాడు. చేతులు చూపిస్తే మా అమ్మ నవ్వుతోంది.

తిరుచానూరు_శీను

నా గుమ్మడికాయల బొబ్బలు గుర్తొచ్చాయి.

నర్సక్క_మదనపల్లె

స్విచ్చులు మార్చావు చూడు, అది నూరు పాటలకు సమానం. బాత్రూములో షాకు కొట్టి పడి తుంటి విరిగిన పెద్దవాళ్ళను ఎంతమందిని చూశానో. గోడకు పట్టుకునే కమ్మీలు కూడా బిగిస్తే ఇంకా మంచిది.

రోడ్డుమీద_సామ్

కమ్మీలు రేపటి పని అక్కా. ఎల్లుండి వేలూరు, రక్తం. ఆ తర్వాత మదనపల్లె. పోయినేటి హోమ్ వార్డెన్‌తో మాట్లాడాను, డిసెంబర్ 27న రమ్మన్నారు. పిల్లాడికి ఆ తేదీ చెప్పమన్నాను.

ఒక్క సాయం కావాలి. మిగిలిన మూడు ఫ్యాన్లకు వైండింగ్ కాలిపోయింది. చిత్తూరులో నమ్మకంగా రీవైండింగ్ చేసేవాళ్ళు ఎవరైనా తెలుసా? నేను ఎల్లుండి వెళ్ళిపోతున్నాను, తర్వాత వాటిని తెచ్చి బిగించే మనిషి కూడా కావాలి.

పాకాల_జంక్షన్

ఆ మూడూ రైలెక్కించు నాయనా. పాకాలలో మా అల్లుడు చేస్తాడు. బిగించడానికి నేను వస్తా, నిచ్చెన పట్టుకోవడానికి ఒకరుంటే చాలు.

హోమ్‌లో_పెరిగినవాడు

నిచ్చెన నేను పట్టుకుంటాను అయ్యగారూ. తేదీ చెప్పండి.